కంచే చేను మేస్తే

అమెరికాలో మందుల ధరలు ఎందుకు దిగిరావో రాబిన్ ఫెల్డ్‌మన్ 2019లో వెలువరించిన ‘డ్రగ్స్, మనీ, అండ్ సీక్రెట్ హ్యాండ్‌షేక్స్’ వివరిస్తుంది. తయారీదారు ఇచ్చే రిబేటు పెద్దదైన కొద్దీ బీమా జాబితాలో ఆ మందుకు మంచి స్థానం దక్కుతుంది. రిబేటు పెంచడానికి అసలు ధరనే పెంచుతారు. ఈ బేరం నడిపే మధ్యవర్తి ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్, క్లుప్తంగా పీబీఎం. ధరలకు కాపలాగా పెట్టిన కంచే చేనును మేస్తున్నది.

మందుల దుకాణానికి ఎంత చెల్లించాలో నిర్ణయించేదీ ఆ మధ్యవర్తే. జెనరిక్ మందులకు గరిష్ఠ ధరల పట్టికను తానే రాసుకుంటాడు. టోకు ధర పెరిగినా పట్టిక మారకపోతే, ఫార్మసిస్టు కొన్న ధరకన్నా తక్కువకే మందు ఇవ్వవలసి వస్తుంది. మరోవైపు బీమా పథకం నుంచి ఎక్కువ వసూలు చేసి, దుకాణానికి తక్కువ చెల్లించి, తేడాను మిగుల్చుకుంటాడు. ఒహాయో రాష్ట్ర ఆడిటర్ 2018లో లెక్క తీస్తే, ఒక్క ఏడాదిలో మెడికెయిడ్ మందులపై ఆ తేడా 22.48 కోట్ల డాలర్లని తేలింది. పేదల వైద్యానికి ఉద్దేశించిన ప్రజాధనమది.

తమ బేరమాడే శక్తివల్లనే బీమా ప్రీమియంలు అదుపులో ఉన్నాయని పీబీఎంలు వాదిస్తాయి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 నివేదిక ప్రకారం దేశంలోని ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం మూడు పీబీఎంల చేతిలోనే ఉన్నాయి. ఆ మూడింటి మాతృసంస్థలకు బీమా వ్యాపారమూ ఉంది, సొంత ఫార్మసీలూ ఉన్నాయి. ఎదుటి దుకాణం ఆదాయాన్ని పోటీదారే నిర్ణయించే చోట బేరమనే మాటకు అర్థమేముంది?

ఆర్కన్సా రాష్ట్రం 2015లో సూటిగా ఒక చట్టం చేసింది: చెల్లింపు కొన్న ధరకు తగ్గరాదు, తగ్గితే ఫార్మసిస్టు అప్పీలు చేయవచ్చు, నష్టానికి అమ్మడానికి నిరాకరించవచ్చు. ఉద్యోగుల పథకాలకు సంబంధించిన 1974 నాటి సమాఖ్య చట్టం, ఎరిసా, దీనికి అడ్డమని పీబీఎంల సంఘం న్యాయస్థానానికెక్కింది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు 8-0తో రాష్ట్రం పక్షాన నిలిచింది. ఫార్మసీల నెట్‌వర్కులపై ఓక్లహోమా విధించిన షరతులను మాత్రం సమాఖ్య అప్పీళ్ల కోర్టు 2023లో కొట్టివేసింది. అంటే అన్ని తలుపులూ తెరిచిలేవు. చెల్లింపు ధర అనే తలుపు మాత్రం తెరిచే ఉంది.

ఆ తలుపు దాటని రాష్ట్రాలకు సాకు లేదు. కొన్న ధరతోపాటు, మందు ఇచ్చే శ్రమకు న్యాయమైన రుసుమునూ చట్టంలో చేర్చాలి. లెక్కల తనిఖీ, జరిమానా లేకుంటే చట్టం కాగితానికే పరిమితమవుతుంది. చిన్న ఊరిలోని ఏకైక మందుల దుకాణం మూతపడిన నాడు, వైద్యుడు రాసిన చీటీ గతీ అంతే.