ఎగిరాక గుర్తొచ్చిన గడువు

ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ సర్టిఫికెట్ గడువు తీరిన ఎయిర్‌బస్ ఏ320 విమానం 2025 నవంబరు 24, 25 తేదీల్లో ప్రయాణికులతో ఎనిమిది ట్రిప్పులు తిరిగింది. సంగతి తన దృష్టికి రాగానే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు తానే చెప్పానని, సంబంధిత సిబ్బందిని సస్పెండ్ చేశానని ఎయిరిండియా ప్రకటించింది. జరిగింది విచారకరమని కూడా అంది. విచారం సంగతి అలా ఉంచుదాం. ఆ ప్రకటనలో మింగుడుపడనిది ‘దృష్టికి రాగానే’ అన్న మాట.

దృష్టికి రాకపోవడానికి అదేమైనా రెక్క లోపల ఎక్కడో దాగిన పగులా? విమానం ఎగరడానికి యోగ్యంగా ఉందని ఏడాదికోసారి తీసుకోవాల్సిన సర్టిఫికెట్ అది. ఎప్పుడు ముగుస్తుందో దాని మీదే రాసి ఉంటుంది. విమానం ఎక్కడికి వెళితే అక్కడికి వెంట ఉండాల్సిన కాగితం. బయల్దేరే ముందు కాగితాలు చూసుకోవడం పైలట్ విధి. పని పూర్తయ్యాక ఇక ఎగరవచ్చని సంతకం పెట్టేది ఇంజినీరు. వీళ్లందరి వెనక కంటిన్యూయింగ్ ఎయిర్‌వర్దీనెస్ అని ఒక విభాగమే ఉంది. ఏ విమానానికి ఏ తనిఖీ ఎన్ని గంటలకు, ఎన్ని ల్యాండింగులకు, ఏ తేదీకి పడుతుందో లెక్క రాసుకోవడానికే అక్కడివాళ్లకు జీతాలిస్తున్నారు. ఇన్ని కళ్లున్న సంస్థలో ఎనిమిది ట్రిప్పులు పూర్తయ్యేదాకా ఏ ఒక్క కంటికీ ఆ తేదీ ఆనలేదట!

ఇంకో విడ్డూరం. గడువు ముగిసింది విమానం హడావుడిగా తిరుగుతున్నప్పుడు కాదు, ఇంజిన్ మార్చడానికి నేల మీద నిలిపి ఉంచినప్పుడు. అంటే కాగితాలన్నీ తీరిగ్గా ముందేసుకుని చూసుకునే వ్యవధి దొరికింది. ఆ వ్యవధి దాటించి మరీ సర్వీసులోకి వదిలారు.

మిర్యాలగూడ రైస్‌మిల్లు ముందు లోడు కోసం వరుసలో నిలబడ్డ లారీనే తీసుకోండి. బండి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల చొప్పున అదనం. ఆర్సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో, అంచులు నలిగిపోయి, డ్రైవరు చేతికి అందేచోటే ఉంటాయి. 2025 అక్టోబరులో రవాణా చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా విష్ణుపురం దగ్గర ఆ కవరు ఎన్నిసార్లు బయటికి తీయాల్సి వచ్చేదో, దాంతోపాటు జేబులోంచి ఇంకేం తీయాల్సి వచ్చేదో లారీవాళ్లకు తెలుసు. ‘సార్, గడువు తీరిన సంగతి ఇప్పుడే నా దృష్టికి వచ్చింది’ అని ఆ డ్రైవరు అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ముందు నవ్వుతాడు, తర్వాత చలానా రాస్తాడు. పది టైర్ల బండికి చెల్లని సాకు నూటయాభై మందికి పైగా ఎక్కే విమానానికి ఎలా చెల్లుతుంది?

ఇదే గ్రూపులోని ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ నిర్వాకం 2025 జులైలో బయటపడింది. ఇంజిన్‌లో కొన్ని భాగాలు మార్చాలని యూరప్ భద్రతా సంస్థ 2023లో ఇచ్చిన ఆదేశం ఒక ఏ320 విషయంలో గడువులోగా అమలు కాలేదు. అయినట్టు చూపించేందుకు రికార్డులనే మార్చినట్టు కనిపిస్తోందని డీజీసీఏ మార్చిలోనే మెమో ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో రికార్డుల బదిలీ వల్ల గడువు తప్పిపోయిందని కంపెనీ సంజాయిషీ చెప్పుకుంది. బదిలీలో తేదీ జారిపోవచ్చు, ఒప్పుకుందాం. కానీ జరగని పని జరిగినట్టు రికార్డు దానంతటదే ఎలా పుడుతుంది? దానికి మనిషి వేలు కావాలి. ఆ చరిత్ర ఉన్న గ్రూపు ఇప్పుడు ‘దృష్టికి రాగానే మేమే చెప్పాం’ అంటూ నిజాయితీకి మార్కులు వేయమంటోంది. అప్పుడూ ఇప్పుడూ వేటు పడింది మాత్రం కిందివాళ్ల మీదే.

డీజీసీఏ చేతులూ శుభ్రంగా లేవు. విస్తారా విలీనమయ్యాక ఆ సంస్థ నుంచి వచ్చిన 70 విమానాలకు తొలి సర్టిఫికెట్ తానే ఇస్తానని పూనుకుంది. 69 ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటే ఇది! డెబ్బై లెక్కపెట్టడం మొదలుపెట్టి అరవై తొమ్మిది దగ్గర ఆపిన నియంత్రణ సంస్థ ఎవరిని దండిస్తుంది? పోస్టులు దాదాపు సగం ఖాళీ అని పార్లమెంటరీ కమిటీయే మొత్తుకున్న సంస్థ మరి.

ఇది ప్రయాణికుల విమానం కాబట్టి ఈమాత్రం రచ్చ అయింది. సరుకు విమానంలో టికెట్టు కొన్నవాడు ఉండడు, నిలదీసేవాడూ ఉండడు. 2000 ఫిబ్రవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎమరీ సంస్థ డీసీ-8 సరుకు విమానం కూలి అందులోని ముగ్గురు సిబ్బందీ చనిపోయారు. ఎలివేటర్ ట్యాబ్ దగ్గర ఒక బోల్టును సరిగ్గా బిగించకపోవడం, దాన్ని సరిగ్గా తనిఖీ చేయకపోవడం కారణమని దర్యాప్తులో తేలింది. శంషాబాద్ నుంచి మందుల పెట్టెలు మోసుకెళ్లే విమానాల తనిఖీ తేదీలు ఎవరు చూస్తున్నారని మనం ఎన్నడైనా అడిగామా?

కాగితం సరిగ్గా ఉన్నంత మాత్రాన విమానం క్షేమం కాదనేవారి మాట నిజమే. 2025 నవంబరు 4న అమెరికాలోని లూయీవిల్‌లో కూలిన యూపీఎస్ ఎండీ-11లో పగుళ్లు కనిపించిన చోట ప్రత్యేక తనిఖీకి గడువు ఇంకా రానేలేదు. కాబట్టి గడువులు ముందుకు జరపాలి. ఉన్న గడువును తుంగలో తొక్కడానికి అది అనుమతి పత్రం కాదు.

2025 నవంబరు 26న శంషాబాద్‌లో సఫ్రాన్ సంస్థ ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రధాని ప్రారంభించారు. ప్రపంచానికే మరమ్మతుల చిరునామా అవుతామని మురిసిపోయాం. ఎయిరిండియా తన తప్పును డీజీసీఏకు చెప్పుకున్నది కూడా సరిగ్గా ఆ రోజే. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మన శ్రీకాకుళం బిడ్డ. ఆయన చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. ప్రతి విమానం సర్టిఫికెట్ గడువును ఫ్లైట్ ప్లాన్ వ్యవస్థకు జోడించాలి. గడువు తీరిన రిజిస్ట్రేషన్ నంబరుతో ప్లాన్ వస్తే, ప్రయాణికులదైనా సరుకుదైనా, కంప్యూటరే తిప్పికొట్టాలి. సస్పెన్షన్లు హ్యాంగర్ దగ్గర ఆగిపోకుండా, నిబంధనల ప్రకారం ప్రతి విమానయాన సంస్థలో ఉండాల్సిన అకౌంటబుల్ మేనేజర్‌ను పిలిపించి ఎనిమిది ట్రిప్పులకూ ఆయనతోనే జవాబు చెప్పించాలి. ఆ జవాబును పార్లమెంటు ముందు పెట్టాలి.