ఎక్కలేకపోతే... స్వామే వస్తాడు!

నల్లమల కొండల్లో, ఆళ్లగడ్డకు దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది అహోబిలం. నవ నారసింహులను ఒక్క పూటలో చూసేద్దామంటే కుదరదు. దిగువ అహోబిలానికి దగ్గర్లోని యోగానంద, ఛత్రవట నరసింహుల గుళ్లకు వాహనాల్లో వెళ్లొచ్చు. 8 కిలోమీటర్ల అవతలున్న ఎగువ అహోబిలానికీ రోడ్డుంది. జ్వాలా నరసింహుడి దగ్గరికి మాత్రం భవనాశి వాగు వెంట, రాళ్ల మీదుగా నడవాల్సిందే. ఇంకా పైన ఉగ్రస్తంభం. స్వామి చీల్చుకొచ్చిన స్తంభం అదేనంటారు.

మరి మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మ సంగతో? ఏటా కనుమ నాడు పారువేట మొదలవుతుంది. చెంచులక్ష్మిని మనువాడిన స్వామి, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మంటూ 40 రోజులకు పైగా పల్లకిలో చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు. ఆ రోజుల్లో వెళ్తే చాలు. కొండెక్కలేని వాళ్లకు ఊరి వీధిలోనే దర్శనం!