పిక్కలాటలోనే లెక్కుంది

అమలాపురం, రాజోలు, కొత్తపేట పేటల్లోని అమ్మలారా, అయ్యలారా! కొబ్బరికాయ దింపేదీ వలిచేదీ మనం. లెక్క రాసేది ఇంకొకరు. ఆ లెక్క మనం సరిచూసుకోలేకపోతే పోయేది మన కూలే.

"మా పిల్లలకి లెక్కలు రావు" అనకండి. వామనగుంటలు 14. గుంటకి 4 చింతపిక్కలేస్తే 56. పిక్కలు పంచుతూ పోయే పిల్లకి కూడికా, పంపకమూ వేళ్ల కొసల్లోనే ఉన్నాయి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే 4, బోర్లా పడితే 8. ఎంత పడితే ఎదుటి కాయ చస్తుందో ముందే చూసుకునే పిల్లోడిది లెక్క కాదా?

బాబాసాహెబ్ 1923లో రూపాయి లెక్క మీదే పుస్తకం రాశారు. 2022లో మన జిల్లాకి ఆయన పేరొచ్చింది. పేరుంటే చాలదు. కార్యకర్తలారా, సాయంత్రం పేట అరుగు మీద పిల్లల్ని ఆడించండి. నోటితో చెప్పిన లెక్కని పలక మీద రాయించండి. రేపు మన లెక్క మన పిల్లలే రాయాలి!