మూడో పాత ఇంజను ఎందుకు మావా?

ఏప్రిల్ 15 వచ్చిందంటే పూరీ పెంటకటలో బోట్లన్నీ ఇసుక మీదికి ఎక్కేస్తాయి. జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వలలు బాగు చేసుకునేదీ, బోటుకు రంగు వేసుకునేదీ, ఇంజను విప్పి చూసుకునేదీ ఈ రోజుల్లోనే. పాత ఇంజన్ల బేరాలు కుదిరేదీ ఈ రోజుల్లోనే.

అలాంటి రోజుల్లోనే ఓసారి మా మావ ఇంటికి వెళ్ళాను. టీ తాగుతుండగా అడిగాడు. ‘ఒరే, నువ్వు చదువుకున్నోడివి. పాత మిషనొకటి వచ్చినాది. కొత్తదాంట్లో సగం ధర కూడా లేదు. కొనీమంటావేటి?’

ఇంట్లో అప్పటికే రెండున్నాయి. ఒకటి బోటుకి బిగించేది. రెండోది గోనెపట్టా కప్పుకుని గోడకి ఆనుకుని ఉంటుంది. రెండూ నేను బడికి వెళ్ళే రోజుల నాటి టూ స్ట్రోక్ ఇంజన్లే. ఇప్పుడు మూడోదానికి అత్త చీటీ డబ్బు తీద్దామని మావ ఆలోచన. ఈ ప్రశ్న మా మావ ఒక్కడిదే కాదు. పూరీ నుంచి గోపాల్‌పూర్ దాకా మన తెలుగు బెస్తవాడల్లో చాలా ఇళ్ళలో ఉన్నదే.

పాత ఇంజను మీద మనవాళ్ళ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. దాంట్లో కంప్యూటరు లేదు. కార్బొరేటరు, ప్లగ్గు, లాగే తాడు, అంతే. ఒక స్పానరుతో ఒడ్డునే విప్పి బిగించొచ్చు. ఇద్దరు మనుషులు ఎత్తి ఇంటికి తెచ్చుకోవచ్చు. కొత్త ఫోర్ స్ట్రోక్ ఇంజను బరువెక్కువ, చెడితే తెలిసిన మెకానిక్కే చూడాలి. కాబట్టి పాతది వాడేవాణ్ణి వెర్రివాడు అనడానికి లేదు. అదే కంపెనీ, అదే మోడలు రెండోది ఉంచుకోవడం తెలివైన పనే. ఒకదాని సామాను ఇంకోదానికి పనికొస్తుంది.

మూడోదాని దగ్గరే లెక్క తప్పుతుంది.

మొదటిది ఆయిలు ఖర్చు. టూ స్ట్రోక్ ఇంజనులో పోసిన దాంట్లో కొంత కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. పైగా ఇంధనంలో ఇంజన్ ఆయిలు కలపాలి. కిరసనాయిలు చవగ్గా దొరికినన్నాళ్ళూ ఇది తెలియలేదు. 2021-22 కేంద్ర బడ్జెట్లో కిరసనాయిలు సబ్సిడీకి కేటాయింపే లేదు. కొన్నప్పుడు మిగిలిన డబ్బు రోజూ ట్యాంకులో పోయాల్సిందే.

రెండోది కెరటం. పూరీ సముద్రం సంగతి మనకి ఒకరు చెప్పాలా? ఒడ్డుకి దగ్గరలో అలలు విరిగేచోట ఇంజను ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది. తర్వాతి కెరటానికి బోల్తానే. పాత వస్తువు మీద మోజు అందరికీ ఉంటుంది. అమెరికాలో పాత ఔట్‌బోర్డు మోటార్లు సేకరించే వాళ్ళకి ఏకంగా క్లబ్బే ఉంది. 1909లో ఓలే ఎవిన్‌రూడ్ మొదలెట్టిన పేరు మీద వచ్చిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. అలాంటివి కొని, తుడిచి, షెడ్డులో పెట్టుకుంటారు. అది స్టార్టు కాకపోతే వాళ్ళకి ఒక ఆదివారం పోతుంది. మనకి మనిషి పోతాడు.

మూడోది అన్నిటికంటే పెద్దది, అప్పు. డబ్బు చాలకపోతే ‘మిగతాది నెమ్మదిగా ఇద్దువులే’ అనేది ఎవరు? చాలాచోట్ల చేపలు కొనే సావుకారే. ఆ మాట వెనక షరతు ఉంటుంది. బాకీ తీరేదాకా చేప ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిన రేటుకే. ఇంజను చవగ్గా వచ్చింది అనుకుంటాం. చేప అంతకంటే చవగ్గా పోతుంది. ఆ నష్టం ఏ కాగితం మీదా ఉండదు కాబట్టి కనబడదు.

అయినా కొనక తప్పదంటే తొందరపడొద్దు. గేరు ఆయిలు కొంచెం తీసి చూడండి. పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు దిగినట్టే. డ్రమ్ములో నీళ్ళు పోసి, ఇంజను అందులో పెట్టి పావుగంట నడిపించండి. చల్లబరిచే నీళ్ళ ధార పక్కనుంచి సరిగ్గా రాకపోతే వద్దనండి. 2019 మే 3న ఫొని తుపానులో మునిగిందా అని సూటిగా అడగండి. ఇంట్లో ఉన్న మోడలు కాకపోతే అసలు ముట్టుకోవద్దు. ఉన్న ఇంజన్ని వేట నుంచి రాగానే మంచినీళ్ళతో నడిపి ఉప్పు కడిగితే దాని ఆయుష్షు పెరుగుతుంది. దానికి ఖర్చు ఒక డ్రమ్ము నీళ్ళు.

మరి కొత్తది ఎలా? ఒక్క ఇంటివల్ల కాదు, నిజమే. మూడిళ్ళు కలిస్తే ఎందుకు కాదు? ఇంటికో పాత ఇంజను కొనే డబ్బు ఒకచోట పెట్టొచ్చు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో జనరల్ వాళ్ళకి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం సాయం పెట్టారు. అంటే దరఖాస్తు అత్త పేరు మీద పెట్టడమే లాభం. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి మత్స్యకారులకీ వర్తింపజేశారు. ఏ పథకంలో ఏం దొరుకుతుందో మత్స్యశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

అయితే అసలు చిక్కు డబ్బు ఒక్కటే కాదు, కాగితం. బోటు రిజిస్ట్రేషను, గుర్తింపు కార్డు, సొసైటీ సభ్యత్వం ఉండాలి. ఫారాలు ఒడియాలో ఉంటాయి. మన పెద్దవాళ్ళు ఒడియా గలగలా మాట్లాడతారు గానీ చదవలేరు. ఆఫీసు మెట్లు ఎక్కడానికి మొహమాటపడి సావుకారు అరుగు ఎక్కుతారు. ఒడియా బడుల్లో చదువుకున్న మనం ఏం చేస్తున్నట్టు? నిషేధం 61 రోజుల్లో ఒక్కొక్కరం రెండిళ్ళ కాగితాలు సరిచేసి పెట్టలేమా?

మావకి ఇదంతా చెప్పాను. కాసేపు గోనెపట్టా వైపు చూశాడు. ‘అయితే ఆ ఫారం నువ్వు రాస్తావేటి?’ అన్నాడు.

రాస్తాను మావా. చీటీ డబ్బు మాత్రం అప్పటిదాకా అత్త దగ్గరే ఉండనీ.