పంపింగ్ శాతమే ఆయుర్దాయమా?

గుండె బలహీనపడిన రోగికి ఎకో తీయించి రాగానే వెలుగోడు, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఇంటిల్లిపాదీ అనుకునే మాట ఒకటే: "పంపింగ్ ఇరవై ఐదే ఉందంట, ఇంక లాభం లేదు." కాగితం మీది ఒక్క అంకెను ఆయుర్దాయంగా చదివే ఈ అలవాటు పల్లెల్లో పుట్టింది కాదు, వైద్యం చదివినవారే దాన్ని తీర్పులా చెప్పి పంపడం వల్ల పాకింది కాబట్టి, ముందుగా నిలదీయవలసింది వారినే.

ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత భాగం బయటికి పోతుందో చెప్పే కొలతే ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే జనం పంపింగ్ అనేది. ఆరోగ్యవంతుల్లోనే అది సుమారు 55 నుంచి 70 శాతం ఉంటుంది, నూరు శాతం ఎవరికీ ఉండదు. యాభై ఐదని విని సగం గుండె పోయిందని కుమిలిపోయేవారికి ఈ ముక్క చెప్పే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. పైగా చాలాచోట్ల ఆ అంకె కంటిచూపుతో వేసిన అంచనా; ఒకే గుండెను ఇద్దరు చూస్తే అయిదు నుంచి పది పాయింట్ల తేడా రావచ్చు. అటువంటి అంకె 30 నుంచి 35కు పెరిగిందని సంబరపడటం, 25కు తగ్గిందని ఆశ వదులుకోవడం, రెండూ ఆధారం లేని పనులే.

అంతకంటే ఘోరం మరొకటి ఉంది. గుండె గోడలు బిరుసెక్కి సరిగా సాగకపోతే పంపింగ్ 50 దాటినా గుండె వైఫల్యం వస్తుంది. అటువంటివారిలోనూ మరణాలు తక్కువేమీ కావని అమెరికా, కెనడా అధ్యయనాలు 2006లోనే చూపాయి. అయినా బీపీ, షుగరు ఉండి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే స్త్రీలను "పంపింగ్ బాగుంది, ఏమీ లేదు" అని ఇంటికి పంపుతూనే ఉన్నారు. ఇది నిర్లక్ష్యం కాక మరేమిటి?

తప్పు యంత్రానిది కాదు. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ మొదలుపెట్టిన ఈ ఎకో పరీక్ష ఎడమ కర్ణిక ఎంత ఉబ్బిందో, మిట్రల్ కవాటం ఎంత కారుతోందో, కుడి జఠరికలో సత్తువ ఎంత మిగిలిందో కూడా చూపుతుంది. రోగి మున్ముందు ఎలా ఉంటాడో అంచనా వేయడానికి పనికొచ్చే ఆ వాక్యాలు రిపోర్టు అడుగునే ఉండిపోతాయి.

గుండెలో షాక్ ఇచ్చే పరికరం అమర్చాలా వద్దా అనే నిర్ణయానికి 35 శాతమనే గీత అవసరమే. అయితే అక్కడ కూడా మందులు సరిగా వాడి కనీసం మూడు నెలలు ఆగి, మళ్లీ చూడాలన్నదే నియమం. మందులతో పంపింగ్ పెరిగేవారు ఎందరో ఉండగా మొదటి రోజు అంకెతోనే జోస్యం చెప్పడం అన్యాయం. 2013లో కేరళలో 1,205 మంది గుండె వైఫల్య రోగులను నమోదు చేసిన తిరువనంతపురం రిజిస్ట్రీలో, పంపింగ్ తగ్గినవారిలో డిశ్చార్జి నాటికి సిఫార్సు చేసిన మందులన్నీ అందినవారు దాదాపు నాలుగో వంతే. చదువు లేనివారిలో మరణాలు ఎక్కువని జాతీయ గుండె వైఫల్య రిజిస్ట్రీ తేల్చింది. ఆ సంగతి ఏ ఎకో కాగితంలో ఉంటుంది? బస్సెక్కి నంద్యాలకో కర్నూలుకో వెళ్లి మాటిమాటికీ ఎకోకు పోసే డబ్బు అనేక కుటుంబాల్లో నెల మందులకు సరిపోయే డబ్బే.

రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం, కాలి మీద వేలితో నొక్కితే పడిన సొట్ట వెంటనే పూడకపోవడం, రాత్రి పడుకోలేక లేచి కూర్చోవడం, వీటిని ఇంటి దగ్గరే ఆశా కార్యకర్త కనిపెట్టగలదు. వీటికి క్రియాటినిన్, సోడియం, హిమోగ్లోబిన్ పరీక్షలు తోడైతే రోగి పరిస్థితి చాలావరకు తెలుస్తుంది. ఆ వివరాలు ఎవరు నమోదు చేయాలో, ఏ డాక్టరు చూడాలో ఆరోగ్యశాఖ తేల్చాలి.