మూత కింద కుర్చీ

యుద్ధ ట్యాంకు నమూనా కట్టడమంటే చిన్నపిల్లల ఆట అనుకునేవారు చాలామంది. ఆటే, కాదనను. కాని కొలత తప్పకుండా కట్టిన నమూనా ఒక్కొక్కప్పుడు చరిత్ర పుస్తకం కంటె సూటిగా మాట్లాడుతుంది. సోవియట్ దేశపు తేలికరకం ట్యాంకు టి-70నే తీసుకోండి.

ఇది 1942లో గోర్కీ నగరంలోని మోటారు కార్ఖానాలో తయారయింది. రూపొందించినది నికొలాయ్ ఆస్ట్రోవ్ బృందం. జర్మన్ సైన్యం దేశం లోపలికి చొచ్చుకొచ్చిన రోజులవి. బరువు ట్యాంకులు కావలసినన్ని దొరకడం లేదు. అందుచేత ఆ కార్ఖానాలో తయారయ్యే మోటార్లనే రెండు ఒకదాని వెనుక ఒకటి అమర్చి పని జరిపించారు. 1943లో తయారీ ఆగేసరికి ఎనిమిది వేలకు పైగా బయటికి వచ్చాయి.

నమూనా సాధారణంగా అసలులో 35వ వంతు వుంటుంది. అసలు ట్యాంకు పొడవు 4.29 మీటర్లు, నమూనా 12 సెంటీమీటర్లు దాటి కొంచెం. అంటే మీ కలం కంటె పొట్టి! ప్లాస్టిక్ చట్రం నుంచి ముక్కలను బ్లేడుతో కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి, ముందు జిగురు లేకుండానే పొందించి చూడాలి. ఈ జిగురు ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి అతుకుతుంది. ఆరిన తరువాత వూడదీయడం కష్టం.

ఫిరంగి బురుజు నడిమధ్య వుండదు, ఎడమకు జరిగి వుంటుంది. కారణం, కుడి పక్కను మోటార్లు ఆక్రమించాయి. మిగిలిన చోటులో ఇద్దరే మనుషులు: ముందు తోలేవాడు, బురుజులో నాయకుడు.

ఆ బురుజులో కుర్చీ అతికించేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ఒక్కటే కుర్చీ! బయటికి చూడడం, తోలేవాడికి దారి చెప్పడం, 45 మిల్లీమీటర్ల ఫిరంగిలో గుండు పెట్టడం, గురి చూడడం, పేల్చడం అన్నీ అతని పనే. ఎదుట నిలిచిన జర్మన్ మధ్యరకం ట్యాంకుల బురుజుల్లో అదే పనికి ముగ్గురుండేవారు. ఈ లోపం తెలియకపోలేదు. ఇద్దరు పట్టే బురుజుతో టి-80 వచ్చింది గాని, కొద్దిగానే తయారయింది. టి-70 అడుగుభాగాన్ని పొడిగించి, దానిమీద పెద్ద ఫిరంగి ఎక్కించిన ఎస్‌యు-76కే కార్ఖానాలు మళ్లాయి.

బురుజు మూత పడితే ఆ కుర్చీ కనబడదు. మరి దానికి రంగెందుకు, ఎవరు చూస్తారని కొందరంటారు. పై పచ్చరంగు, చక్రాల బురద అందరూ చూస్తారు. ఆ ట్యాంకులో మనిషి పడ్డ పాటు మాత్రం ఈ కుర్చీలోనే వుంది. దానిని వదిలేస్తే మిగిలేది అందమైన ఇనుపపెట్టె బొమ్మ.

కనుక రంగు వేయండి. మూత పెట్టేముందు ఇంట్లో పిల్లలను పిలిచి చూపించండి. "ఇన్ని పనులూ ఒక్కడేనా?" అని వాళ్లడిగారా, పెట్టిన డబ్బు గిట్టినట్టే.