అక్కడా ఒక మిల్లు గేటు

పోయినేడు మా ఆఫీసు వాళ్ళు పది రోజుల పని మీద నన్ను అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌కు పంపినారు. బయలుదేరేటప్పుడు మా నాయన ఒకటే మాట అన్నాడు: "ఊరికే బిల్డింగులు చూసి రావద్దు. పని చేసేవాళ్ళు యాడుంటారో అది కూడా చూసి రా." మిల్లులో స్పిన్నింగ్ పని చేసిన మనిషి మరి!

మన గడియారానికి ఆ ఊరు ఎనిమిదిన్నర గంటలు వెనక. ఆదివారం సెలవు దొరికితే, అక్కడి ఆఫీసులో పని చేసే ఒకామె ఊరు చూపించింది. అందరూ చూసేవి నేనూ చూసినాను: 1936లో కట్టిన ఒబెలిస్క్ స్తంభం, 1908లో తెరిచిన కోలన్ నాటకశాల. 1913 నుంచి నడుస్తున్న భూగర్భ రైలు ఎక్కినాను. 2011లో వచ్చిన మన నమ్మ మెట్రో కంటే అది 98 ఏళ్ళు పెద్దది.

తర్వాత లా బోకా పేటకు పోయినాం. ఓడరేవు పనికి ఇటలీ నుంచి వచ్చిన కూలీలు రేకుల ఇండ్లు వేసుకున్న చోటు. ఓడలకు పూయగా మిగిలిన రంగులే గోడలకు పూసుకున్నారంట. అందుకే ఒక గోడ పసుపు, ఒకటి నీలం, కిటికీ ఎరుపు. నడుమ ఒకే వాకిలి, చుట్టూ గదులు, గదికొక కాపురం. చూడగానే మన కాటన్‌పేట వఠారాలు గుర్తొచ్చినాయి. అక్కడ బొగ్గు మోసి పెరిగిన అనాథ పిల్లోడు బెనిటో కింకెలా మార్టిన్ పెద్ద చిత్రకారుడై, ఆ పేటలోనే బడికి స్థలమిచ్చినాడు.

"మీ నాయన మిల్లు మనిషి కదా, ఇంకొకటి చూడాలి" అని ఆమె బాల్వనేరా పేటలో ఒక గేటు ముందు నిలబెట్టింది. బ్రుక్మన్ అనే సూట్లు కుట్టే ఫ్యాక్టరీ. 2001లో ఆ దేశం అప్పుల్లో కూలిపోయింది. జీతాలు సరిగ్గా అందక, డిసెంబర్ 18న బస్సు ఛార్జీకి కూడా డబ్బు లేక, పనివాళ్ళు లోపలే ఉండిపోయినారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. యజమానులు రాలేదు. వీళ్ళే మెషీన్లు నడిపి, వచ్చింది సమానంగా పంచుకున్నారు. 2003 ఏప్రిల్‌లో పోలీసులు బయటికి నెట్టితే, బయట గుడారం వేసుకుని పోరాడినారు. ఆ ఏడాదే నగర శాసనసభ ఫ్యాక్టరీని వాళ్ళ సహకార సంఘానికి అప్పగించింది. సంఘం పేరు 'డిసెంబర్ 18'.

ఇంటికొచ్చి ఈ కథ చెప్తే నాయన చాలాసేపు మాట్లాడలేదు. మల్లేశ్వరంలో రాజా మిల్లు స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది. మన వాళ్ళ పిల్లలే అక్కడ బిల్లింగ్ కౌంటర్లలో నిలబడతారు.

"మా మిల్లు మూసిన రోజు మేమూ గేటు దగ్గర నిలబడినాం. చీకటి పడినాక ఇండ్లకు వచ్చేసినాం" అన్నాడు చివరికి.

ఆ రోజు నుంచి ఊదుబత్తీలు చుట్టి మమ్మల్ని సాకిన అమ్మ వంటింట్లోంచే అనింది: "రాకపోతే ఎట్లా? పిల్లలు అన్నం తినకుండా నీకోసం కూర్చోనుండ్రి."

నాయన తల ఊపినాడు. కాసేపటికి నన్ను చూసి అడిగినాడు: "అది సరే, మెషీను చెడిపోతే రిపేరు ఎవరు చేసేవాళ్ళంట?"

నేను అది అడగలేదు. గేటు ఫొటో మాత్రం తెచ్చినాను. ఇరవై ఏళ్ళలో మా నాయన మిల్లు గురించి నోరు విప్పింది ఆ ఫొటో చూసే. మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూడా ఒకసారి అడగండి, ఆ రోజు గేటు దగ్గర ఎంతసేపు నిలబడినారో.